ఫిష్ ఫైండర్ నిండా చేపలే, బుట్టలో మాత్రం ఒక్క పండుగప్పా లేదు – ఈ ఎండల్లో ఎక్కడ వెతకాలండీ?

యానాం_గేలం:

అందరికీ నమస్కారం అండీ. మాది యానాం. ఉద్యోగం వేరే, ఆదివారం వస్తే మాత్రం మా బావ ఫైబర్ బోటు మీద గేలం పట్టుకుని గౌతమిలోకి పోవడం, సాయంత్రానికి మాడిపోయి కొంపకి రావడం. 18 అడుగుల బోటు, వెనకాల చిన్న ఇంజను. ఫిబ్రవరిలో ఓ ఫిష్ ఫైండర్ కొన్నా, 4 అంగుళాల స్క్రీను, 77, 200 కిలోహెర్ట్జ్ రెండూ ఉన్నాయి, జీపీఎస్ పాయింట్లు పెట్టుకోవచ్చు గానీ మ్యాపు ఉండదు. ఎంత పెట్టి కొన్నానో ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు, ఇక్కడా అడక్కండి.

నా బాధేంటంటే స్క్రీను మీద చేపలే చేపలు. ఎదుర్లంక వంతెన దాటి కిందకి దిగితే చాలు చేప బొమ్మలు టింగ్ టింగ్ మంటా వస్తానే ఉంటాయి, పెద్దది, చిన్నది, మధ్య రకం, పక్కనే లోతు కూడా చూపిస్తది 2.1 అనీ 3.4 అనీ. అక్కడే బోటాపి లూర్ (ఉత్తుత్తి ఎర) విసురుతాం, రొయ్య గుచ్చి వేస్తాం, గంట కూర్చుంటాం, ఏమీ ఉండదు. మార్చి నుంచి తొమ్మిది ఆదివారాలు పోయాయి, అన్నీ కలిపితే నాలుగు జెల్లలు, ఓ గొరక, ఎవరిదో చిరిగిన వల ముక్క. మా బావ వాళ్ళ నాన్న, అంటే నాకు మావయ్య, వల మీద బతికిన మనిషి, మేం రేవులో దిగగానే "ఏరా, ఇవాళ టీవీలో ఏం సినిమా ఏశారు" అంటాడు. పక్కనున్నోళ్ళంతా నవ్వడం. గోదారోళ్ళ ఎటకారం మీకు చెప్పక్కర్లేదు.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు ఓ ఇరవై చూశా. ఎండాకాలం బాస్ లోతుకి దిగుద్ది, థర్మోక్లైన్ అని పైన వెచ్చటి నీటికీ కింద చల్లటి నీటికీ మధ్య ఓ గీత వస్తది, దాని పైన వెతకండి అంటన్నారు. మన పండుగప్పని కూడా సీబాస్ అనే కదా అంటారు, ఇదీ ఓ బాసే కదా అని నేనూ ఆ గీత కోసం వెతుకుతున్నా. నాలుగు మీటర్ల ఉప్పుటేట్లో ఏ గీతా రాలేదు. ఓరోజు వచ్చింది, ఇద్దరం సంబరపడిపోయాం, తీరా చూస్తే ఇంజను ఆపగానే గీత కూడా ఆగిపోయింది.

ఇంతకీ ఈ మిషను పనిచేస్తందా, నాకు చూడటం రావట్లేదా, లేకపోతే ఈ ఎండలకి పండుగప్ప అసలు వేరే ఎక్కడికన్నా పోద్దా? సెన్సిటివిటీ ఎంత పెట్టాలి, 77 మంచిదా 200 మంచిదా, ఆ బొమ్మలు నమ్మొచ్చా, తెలిసినోళ్ళు కాస్త ఓపికగా చెప్పండి. ఎటకారం కూడా పర్లేదు, అలవాటైపోయింది.


సరంగు_కాకినాడ:

ఆయ్, ముందు ఆ చేప బొమ్మలు ఆపెయ్యండి. సెట్టింగ్స్‌లో ఫిష్ సింబల్ అనో ఫిష్ ఐడీ అనో ఉంటది, అది ఆఫ్. మిషనుకి చేప తెలీదండీ. నీళ్ళలోకి ఓ శబ్దం కొడతది, అది తగిలి తిరిగొచ్చిందాన్ని గీస్తది, అంతే దాని చదువు. నీళ్ళలో శబ్దం సెకనుకి దగ్గర దగ్గర 1500 మీటర్లు పోద్ది, నాలుగు మీటర్ల లోతంటే వెళ్ళి రావడానికి 5 మిల్లీసెకన్లు. ఆ తిరిగొచ్చిన దాంట్లో కింద నేలకి అంటకుండా ఏది కనపడినా చేప బొమ్మ అంటించేస్తది. పాటులో, అంటే నీరు సముద్రం వైపు లాగేటప్పుడు, మడ అడవిలోంచి కొట్టుకొచ్చే ఆకులు, గాలి బుడగలు, గుర్రపుడెక్క ముక్క, అన్నిటికీ బొమ్మే. మీరు తొమ్మిది ఆదివారాలు మడ ఆకులకి రొయ్య గుచ్చి వేశారన్నమాట, ఏమనుకోకండి.

నేను మరబోట్ల మీద ఎకో సౌండర్లు బిగించే పని చేశా చాలా ఏళ్ళు, పెద్దవైనా చిన్నవైనా చూసే పద్ధతి ఒకటే. స్క్రీను అంటే కింద ఉన్న నేల ఫోటో అనుకుంటారు అందరూ, కాదు. కుడి చివర ఉన్న సన్న నిలువు గీత ఒక్కటే ఇప్పుడు మీ బోటు కింద ఉన్నది. మిగతాదంతా పాతది, ఎడమకి జరిగిపోతా ఉంటది. బోటు లంగరేసి ఆపితే కూడా జరుగుతూనే ఉంటది, అప్పుడు ఒకే చోటుని మళ్ళీ మళ్ళీ గీస్తందన్నమాట. అందుకే కదలని బోటు కింద కదలని చేప ఉంటే పొడుగాటి అడ్డగీత వస్తది, అందరూ చెప్పే విల్లులాంటి వంపు రాదు. ఆ విల్లు ఎందుకొస్తదంటే శబ్దం గరాటా బోర్లించినట్టు కిందకి వెడల్పవుతా పోద్ది, చేప గరాటా అంచులో ఉన్నప్పుడు మిషనుకి కాస్త దూరం, నడిమికి వచ్చినప్పుడు దగ్గర, అవతలి అంచుకి పోతే మళ్ళీ దూరం, దూరాన్ని మిషను లోతు అనుకుని గీస్తది కాబట్టి వంపు తిరుగుద్ది. విల్లు పొడుగ్గా ఉందని పెద్ద చేప అనుకోవద్దు, ఎక్కువసేపు గరాటాలో ఉందని అర్థం. మందం చూడండి, మందంగా ఉంటే గట్టి దెబ్బ తిరిగొచ్చిందని, అంటే ఒంట్లో గాలితిత్తి పెద్దదని.

ఇప్పుడు మీ అసలు ఇబ్బంది చెప్తా. 200 మీద గరాటా ఇరుకు. 20 డిగ్రీలనుకోండి, నాలుగు మీటర్ల లోతులో నేల మీద అది చూసేది మీటరూ నలభై సెంటీమీటర్లు, మన నవారు మంచం పొడుగు కూడా లేదు. గౌతమి వెడల్పెంత, మీరు చూస్తున్న మంచమెంత? 77 మీద గరాటా వెడల్పు, 45 డిగ్రీలైతే అదే లోతులో మూడు మీటర్లు దాటి చూస్తది, కాకపోతే నేలకి అంటుకున్న చేపనీ నేలనీ కలిపేసి చూపిస్తది. నేనైతే తిరిగేటప్పుడు 77, ఏదన్నా తగిలితే దాని మీదకి మళ్ళీ వచ్చి 200. సెన్సిటివిటీ ఆటోలో మొదలెట్టి, స్క్రీనంతా ఇసక చల్లినట్టు అయ్యేదాకా పెంచి, అక్కణ్ణుంచి రెండు మెట్లు దించండి.

ఇంజను ఆపితే గీత పోయింది అన్నారే, అది కరెంటు రొద. మిషనుకి ఇంజను బ్యాటరీ నుంచే వైరు లాగి ఉంటారు. విడిగా ఓ 12 వోల్టు 7 ఏహెచ్ బ్యాటరీ కొని ఫ్యూజు పెట్టి దానికే ఇవ్వండి, ఆ చిన్న స్క్రీనుకి ఓ పూట సుబ్బరంగా వస్తది. ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీళ్ళలో శబ్దం కొట్టి వినే ముక్క, వెనక చెక్కకి బిగించేటప్పుడు ఫ్యాను రెక్కలు కిందకి దిగే వైపు, ఫ్యానుకి దూరంగా, బోటు అడుగుకి కాస్త కిందకి ఉండాలి. బుడగల్లో ఉంటే దానికి కళ్ళకి గంతలు కట్టినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, చేప కోసం చూడకండి, నేల కోసం చూడండి. మన డెల్టాలో కిందంతా ఒండ్రు, అడుసు. అడుసు నేల గీత పల్చగా, మసగ్గా వస్తది. ఎక్కడన్నా రాళ్ళు, గుల్ల పడిన చోటు, మునిగిన మొద్దు ఉంటే గీత మందంగా, రంగు గట్టిగా వస్తది, ఇంకా గట్టిదైతే సరిగ్గా రెట్టింపు లోతులో రెండో గీత కూడా పడుద్ది. నాలుగు మీటర్ల నేల, ఎనిమిది దగ్గర దాని నీడ. ఆ రెండో గీత కనపడిందంటే బోటాపక్కర్లేదు, పాయింట్ నొక్కి ముందుకి పొండి. కిలోమీటరు అడుసు మీద తిరిగితే ఇలాంటివి మూడు నాలుగు దొరికితే గొప్ప, పండుగప్ప కాపు కాసేది వాటి పక్కనే.


డీఓ_మీటర్:

సరంగు గారు మిషను గురించి చెప్పేశారు, నేను నీళ్ళ గురించి చెప్తా. మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులు, మధ్యలో రెండేళ్ళు పండుగప్ప కూడా వేశాం. చెన్నైలో ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకం మీద పరిశోధన చేసే సీబా వాళ్ళు 1997లో హేచరీలో పిల్ల తీశాక మన వైపు కూడా ఆ సరదా వచ్చింది లెండి. మేత అలవాటు చెయ్యడానికే మా ప్రాణం పోయింది, చిన్నప్పుడు ఒకదాన్నొకటి మింగేస్తాయి, వారానికోసారి సైజులు ఏరకపోతే వెయ్యి పిల్ల వందవుద్ది.

గురూ, నువ్వు థర్మోక్లైన్ వెతకడం చూసి నవ్వొచ్చింది గానీ తప్పు నీది కాదు. అది నిలవ నీటి యవ్వారం. చెరువులో ఏరియేటర్లు ఆపేసి రెండ్రోజులు గాలి లేకుండా ఎండ కాసిందనుకో, పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు, రెండూ కలవవు, కింద డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోద్ది, రొయ్య గట్టుకొచ్చేస్తది. పెద్ద రిజర్వాయర్‌లో జరిగేది ఇదే, కాకపోతే నెలల తరబడి. ఉప్పుటేరు అలా కాదు, రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, సముద్రమే పెద్ద ఏరియేటర్. గీత నిలబడే టైమెక్కడిది?

కాకపోతే ఎండ ప్రభావం లేదని కాదు. నీరు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టదు, మంచినీరైతే 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా పడుద్ది, 32 దగ్గర 7.3, ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. ఇది నిండుగా పట్టినప్పటి లెక్క, తెల్లారగట్ట ఏ మురుగు కాలువ నోట్లోనో కొలిస్తే సగం కూడా ఉండదు. పండుగప్ప 26 నుంచి 30 మధ్యలో హుషారుగా ఉంటది. మే నెలలో మధ్యాన్నం మోకాలి లోతు నీళ్ళలో చెయ్యి పెట్టు, టీ నీళ్ళు పెట్టినట్టుంటది, ఆ టైంలో అది అక్కడెందుకుంటది? నీడ ఉన్న చోటో, లోతున్న చోటో, నీరు పారే చోటో చూసుకుంటది. మూడూ కలిసిన చోటైతే ఇంక కదల్దు.

నీ మిషను మీద టెంపరేచర్ చూపిస్తది కదా, అది పైనున్న నీటిదే, ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడుంటే అక్కడిది. కిందది కాదు. కానీ పనికొస్తది: పెద్ద పాయలో 32 చూపిస్తా చూపిస్తా ఓ ఉప్పుటేటి నోటి దగ్గర 30 అయ్యిందనుకో, అక్కడ వేరే నీరు కలుస్తందని. ఆ కలిసే చోట రొయ్య, కత్తిపరిగలు చేరతాయి, వాటి వెనక మన దొర.

ఇంకోటి, ధవళేశ్వరం నుంచి ఈ రోజుల్లో కిందకి వదిలే నీరు తక్కువ కాబట్టి ఉప్పు చాలా పైకి ఎక్కేస్తది. పండుగప్పకి ఉప్పైనా తీపైనా ఒకటే, దాని తిండికి కాదు. కాబట్టి శీతాకాలం పడ్డ చోటే ఇప్పుడూ పడుద్దని కూర్చోకు.


టెక్సాస్‌లో_రాజోలోడు:

తమ్ముడూ, నువ్వు చూసిన వీడియోల్లో వాళ్ళలాగే నేనూ ఇక్కడ వీకెండ్ వీకెండ్ అదే పని. మాది రాజోలు, పదేళ్ళ నుంచి డాలస్ దగ్గర. అందుకే రెండు వైపులా చెప్పగలను.

ముందు చుట్టరికం సంగతి. ఇక్కడ బాస్ అంటే లార్జ్‌మౌత్ బాస్, పూర్తిగా మంచినీటి చేప, చెరువులో పుట్టి చెరువులో పోయేది. మన పండుగప్పకీ దానికీ పేరులో తప్ప ఏ చుట్టరికమూ లేదు, కుటుంబాలే వేరు. ఇక్కడ లేక్ ఫోర్క్ అని ఓ రిజర్వాయరుంది, టెక్సాస్ రికార్డు బాస్ 18.18 పౌండ్లు 1992లో అందులోనే పడింది. చెట్లు కొట్టకుండా నీళ్ళు నింపేశారు కాబట్టి కింద అంతా నిలువు మొద్దులే.

జులైలో అలాంటి చోట థర్మోక్లైన్ ఎలా చూస్తామంటే, సెన్సిటివిటీ పెంచితే నీళ్ళ మధ్యలో పొగమంచులాంటి అడ్డపట్టీ వస్తది, కింద నేల 30 అడుగులున్నా 50 అడుగులున్నా పట్టీ మాత్రం అదే లోతులో, 22 అడుగులంటే 22 దగ్గరే నడుస్తది. నేలతో పాటు దిగకపోతేనే అది థర్మోక్లైన్. దాని కింద ఆక్సిజన్ ఉండదు కాబట్టి చేప ఉండదు, కాబట్టి సగం చెరువుని చూడక్కర్లేదు అని తేలిపోద్ది. తర్వాత ఏం చేస్తామంటే నేల ఎక్కడ సరిగ్గా ఆ లోతుకి వస్తదో, 18, 20 అడుగుల్లో మిట్ట ఎక్కడుందో చూసి అక్కడే తిరుగుతాం. మీ ఏట్లో ఇందులో ఒక్క ముక్క కూడా పనికిరాదు. డీఓ గారు చెప్పిందే కరెక్టు.

పనికొచ్చేది మాత్రం ఒకటుంది, ఇక్కడ నాకు ఓ ముసలాయన నేర్పాడు, పేరు చెప్పలేదు, టోపీ మాత్రం గుర్తుంది. మొదటి మూడు ట్రిప్పులు రాడ్ పట్టుకెళ్ళొద్దన్నాడు. ఒట్టి మిషనుతో తిరుగు, తెలిసిన వస్తువు మీద నడుపు, అది స్క్రీను మీద ఎలా కనపడిందో చూసుకో అన్నాడు. నువ్వు కూడా ఎదుర్లంక వంతెన స్తంభం పక్కనుంచి పో, నీకు తెలిసిన మొద్దు మీద నుంచి పో, తాడుకి సీసం గుండు కట్టి బోటు కిందకి దించి అది గీతలా కనపడతందో లేదో చూడు. గుండే కనపడకపోతే సెన్సిటివిటీ తక్కువున్నట్టు. నాకు ఇదొక్కటి నేర్చుకోడానికి ఓ సీజను పట్టింది, ఎందుకంటే రాడ్ పట్టుకెళ్ళకుండా ఉండలేకపోయా.

అన్నట్టు లోతు తక్కువ నీళ్ళలో నువ్వు చేప మీదకి బోటుతో పోయావంటే స్క్రీను మీద కనపడేలోపే అది పక్కకి తప్పుకుంటది. కనపడలేదని లేదనుకోకు.


గోదారి_గిత్త:

నాకు తెలిసిన ఫిష్ ఫైండర్ ఒకటే, రేవులో ఐసు పెట్టె మూత. తీస్తే 100 శాతం కనపడతాయి. 😀


పంటు_రేవు:

అబ్బాయ్ యానాం, నేను సఖినేటిపల్లి వైపోణ్ణి, వశిష్ట మీద పెరిగా, పంటు మీద టికెట్లు కూడా కొట్టా కొన్నాళ్ళు. ఈ మిషన్లు నాకు తెలీవు, మా అబ్బాయి చదివి వినిపిస్తే ఈ ముక్క రాయిస్తన్నా.

మీరంతా ఎక్కడ ఎక్కడ అంటన్నారు, ఎప్పుడు అన్నది ఎవరూ అడగలేదు. పండుగప్ప చోటుని బట్టి తినదు, నీటిని బట్టి తింటది. పోటు నిండా ఎక్కినప్పుడు అది మడ వేళ్ళ లోపలికి పోద్ది, అక్కడ నీ మిషనూ పోదు నువ్వూ పోవు. పాటు మొదలై లోపలి నీరు లాగేస్తా ఉంటే చిన్న చేపా రొయ్యా పిల్లకాలువ నోట్లోంచి బయటికి రాక తప్పదు, అది బయట లోతులో మూతి అటు పెట్టి నిలబడతది. పాటు ఆఖరి గంట, మళ్ళీ పోటు తిరిగిన మొదటి అరగంట, ఈ గంటన్నరే నీది. మిగతా రోజంతా అరుగు మీద పడుకో. అష్టమి నవమి రోజుల్లో నీరు సరిగా లాగదు, అమాస పున్నాలకి రెండ్రోజులు అటూ ఇటూ బాగా లాగుద్ది, మరీ అమాస నాడే అయితే బురద లేచిపోయి దానికీ ఏం కనపడదు.

మీ మావయ్య ఎగతాళి చేస్తన్నాడన్నావు. పొద్దున్నే ఓ టీ పోయించి ఆయన వల ఎక్కడెక్కడ చిరిగిందో అడుగు. వల చిరిగిన చోట మొద్దో రాయో ఉన్నట్టే. వలోళ్ళు ఆ చోట్లకి జన్మలో పోరు, కాబట్టి చేప అక్కడే బతికిపోద్ది. నీకు వెయ్యి రూపాయల టీ అయినా దండగ కాదు.

కోరంగి అభయారణ్యం హద్దు లోపలికి మాత్రం పర్మిషన్ లేకుండా దూరకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్లకి ఎలాగూ నిషేధమే, ఇంజనుంది కదాని మొగ దాటి పోకండి.


యానాం_గేలం:

అందరికీ దండాలండీ. చాలా ఆలస్యంగా రాస్తన్నా, మూడు ఆదివారాలు అయ్యాక చెప్దాం అని ఆగా.

మొదటి ఆదివారం రాడ్లు తీసుకెళ్ళలేదు, రాజోలు అన్నయ్య చెప్పినట్టే. మా బావ "గేలం లేకుండా ఏట్లోకి ఎందుకు, పెట్రోలు దండగ" అని గొణిగాడు. చేప బొమ్మలు ఆపేశా, విడిగా బ్యాటరీ పెట్టా, ఆ పిచ్చి గీత పోయింది. సీసం గుండు తాడుకి కట్టి దించితే నిజంగానే సన్న గీత కిందకి దిగుతా కనపడింది, పైకి లాగితే పైకొచ్చింది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఓ అరగంట అదే ఆట. ఆ రోజు నాకు తెలిసిందేంటంటే తొమ్మిది ఆదివారాలు మేం తిరిగిందంతా ఒకే రకం అడుసు నేల, పల్చటి గీత, మొదటి నుంచి చివరి దాకా ఏమీ లేదు.

తర్వాత మావయ్యకి టీ పోయించా. టీతో కాలేదు, మినపగారెలు కూడా అయ్యాయి. మొత్తం మూడు చోట్లు చెప్పాడు. ఒకటి 2015 పుష్కరాల ఏడు కొత్త వల సగానికి చీలిపోయిన చోటంట, ఇప్పటికీ చెప్తా ఉంటే మొహం ఎర్రబడింది. గుర్తులు ఎలా చెప్పాడంటే, గట్టు మీద రెండు తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలి, అదే టైంకి కుడి చేతి వైపు పిల్లకాలువ నోరు తెరుచుకుని లోపలి దాకా కనపడాలి. అంతే, అదే ఆయన జీపీఎస్. రెండో ఆదివారం పోయి చూస్తే మొదటి చోట ఏమీ లేదు, నున్నటి ఇసక మేట, 2022 వరదకి పూడిపోయినట్టుంది. రెండోది దొరకలేదు, ఓ తాటిచెట్టు పడిపోయింది. మూడోది ఓ ఉప్పుటేటి నోట్లో, 2.2 మీటర్ల నుంచి ఒక్కసారిగా 4.6కి దిగింది, దిగిన చోట గీత లావైపోయి కింద 9 దగ్గర రెండో గీత పడింది. సరంగు గారూ, మీరు చెప్పిన నీడ గీత అది చూడగానే నా చెయ్యి వణికింది, పాయింట్ నొక్కడం రెండుసార్లు తప్పింది.

మూడో ఆదివారం అమాస వెళ్ళిన మూడో రోజు. పాటు ఆఖరు ఎన్నింటికో మావయ్యే చెప్పాడు, పొద్దున్న ఏడున్నర. దూరంగానే ఇంజను ఆపేసి బావ గెడ వేశాడు. పాయింట్ మీదకి పోకుండా పదిహేను మీటర్ల ఇవతల లంగరు దించాం. స్క్రీను మీద విల్లులు గట్రా ఏమీ లేవు, మేం ఉన్నది దాని మీద కాదు కదా. అంతకు ముందు ఒక్కసారి పక్కనుంచి పోయినప్పుడు మాత్రం ఆ గట్టి నేలకి జానెడు పైన పొగలాంటి మరక, దాని కింద రెండు పొట్టి మందం గీతలు కనపడ్డాయి. చేపలో ఆకులో నాకు తెలీదు అనుకుని లూర్ విసిరా. మూడో విసురికే పట్టింది. నీళ్ళలోంచి నిలువునా లేచింది, వెండి పళ్ళెం తిరగేసినట్టు ఓసారి మెరిసి తల విదిలించింది, దారం ఫట్ మంది. లాగి చూస్తే కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంది, దవడ పక్కన మొప్ప మూత అంచు బ్లేడంట, బావ అప్పుడు చెప్పాడు, ముందు చెప్పొచ్చు కదరా అంటే నువ్వు పట్టుకుంటావని నేననుకోలేదు అన్నాడు.

చివర్లో లావు దారం ముక్క కట్టి మళ్ళీ వేశా. పోటు తిరిగిన కాసేపటికి ఇంకోటి, ఇది చిన్నది, కిలో ఎనిమిది వందలు తూగింది. తర్వాత నీరు ఎక్కడం మొదలైపోయింది, తొమ్మిదింటికి ఎండ నెత్తి మీద కొట్టింది, రోహిణి కార్తె కదా, వచ్చేశాం.


డీఓ_మీటర్:

కిలో ఎనిమిదంటే అది దాదాపు మగదే గురూ. ముందు మగవిగా పెరిగి పెద్దయ్యాక ఆడవవుతాయి ఇవి. ఐదారు కిలోలు దాటింది పడితే గుడ్డు చేప అని గుర్తు, వానల ముందు మొగ వైపు దిగుతా ఉంటాయి, వదిలెయ్యగలిగితే వదిలెయ్యి. ఇంతకీ పులుసా, వేపుడా?


యానాం_గేలం:

సగం పులుసు, తల మావయ్యకి. చెయ్యి కడుక్కునేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, వచ్చే ఆదివారం ఆ టీవీ ఓ పూట నాకివ్వరా, వల వేసే దారిలో ఇంకా ఎక్కడెక్కడ మొద్దులున్నాయో చూసుకోవాలి అన్నాడు. ఇస్తానన్నా గానీ సరంగు గారూ, ఆయన నావ చెక్కది, లోపల పెట్టి చూస్తే చెక్కలోంచి పనిచేస్తదా?


సరంగు_కాకినాడ:

చెయ్యదు. గట్టి ఫైబర్ అయితే లోపల అంటించినా ఎంతో కొంత చూపిస్తది, చెక్కలోంచి రాదు. ఓ వెదురు గెడ తీసుకుని కింద ట్రాన్స్‌డ్యూసర్ బిగించి, గెడని నావ పక్కన తాళ్ళతో కట్టండి, జానెడు మునిగేట్టు, గెడ తిరగకుండా రెండు చోట్ల ముడి. మనిషి నడిచేంత స్పీడు దాటొద్దు, దాటితే బుడగలే. బొమ్మలు ఆఫ్‌లోనే ఉన్నాయో లేదో చూసి ఇవ్వండి, ఆయనకి చేపలు కనపడ్డాయంటే మిషను మీకు మళ్ళీ రాదు ఆయ్.